మాత్ర కొండ ఎక్కిన కథ

మూడు రకాల మందులు కలిపి వాడితే హెచ్ఐవి సోకిన మనిషి చావు నుంచి తప్పించుకొని, పని చేసుకుని బతకగలడని 1996లోనే లోకానికి తెలిసింది. అయినా ఆ తర్వాత పదేళ్లలో లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది పేదలు, ఎక్కువ మంది నల్లవాళ్లు. మందు లేక కాదు, మందు తమ దాకా రాక చనిపోయారు. మందుకు అడ్డం పడినవేమిటి, ఆ అడ్డాలను ఎవరు, ఎలా తీశారు అన్నది మన యువతకూ మన బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకూ తెలియవలసిన చరిత్ర అని మేము అనుకుంటున్నాం. దానికి మేము ఎంచుకున్న చోటు మన దేశంలోది కాదు. దక్షిణాఫ్రికా తూర్పు తీరానికి దగ్గరగా, కొండల మధ్య ఉన్న లూసికిసికి. అంత దూరం ఎందుకు పోవాలని ఎవరైనా అడగవచ్చు. ఆ ఊరి సంగతులు చదువుతుంటే మాకు పాడేరు, చింతూరు, ఉట్నూరు కళ్ల ముందు కదిలాయి.

లూసికిసికి ఉన్న ప్రాంతం పేరు పోండోలాండ్. అక్కడి జనం పోండోలు. తెల్లవాళ్ల పాలన కిందికి చిట్టచివర వెళ్లిన ఆఫ్రికన్ రాజ్యాల్లో వాళ్లది ఒకటి. 1894లో దాన్ని కేప్ కాలనీలో కలిపేశారు. ఆ తర్వాత జరిగింది మనకు కొత్త కాదు. గుడిసెకు పన్ను వేశారు. పన్ను నగదుగా కట్టాలి. నగదు కావాలంటే మగవాళ్లు ఎక్కడో ఉన్న జోహన్నెస్‌బర్గ్ బంగారు గనులకు కూలికి పోవాలి. 1913 భూమి చట్టం వచ్చి నల్లవాళ్లకు మిగిలిన నేలను మరీ కుదించింది. గనుల దగ్గర మగవాళ్లు మాత్రమే ఉండే హాస్టళ్లు కట్టారు. భార్యాపిల్లలను అక్కడికి తీసుకుపోవడానికి వీల్లేదు. ఏడాదికోసారి ఇంటికి వచ్చి పోవడమే. ఇలా మూడు నాలుగు తరాలు గడిచాయి. 1960లో పోండోలు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఆ ఏడాది జూన్ 6న ఎన్‌కూజా కొండ మీద సమావేశమైన వాళ్లపై పోలీసులు కాల్పులు జరిపి 11 మందిని చంపారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగింది తెలిసిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. తర్వాత ఆ ప్రాంతాన్ని ట్రాన్స్‌కీ అనే పేరుకు మాత్రమే స్వతంత్రమైన 'దేశం'లో భాగం చేసి, రోడ్లూ ఆస్పత్రులూ లేకుండా వదిలేశారు. 1994లో వర్ణవివక్ష పాలన పోయేనాటికి వాళ్లకు మిగిలింది మట్టిరోడ్లు, ఒక పాత మిషన్ ఆస్పత్రి, నీళ్లూ కరెంటూ సరిగా లేని కొన్ని క్లినిక్‌లు.

హెచ్ఐవి ఆ కొండల్లోకి ఎలా వచ్చింది? కూలి డబ్బు వచ్చిన దారినే వచ్చింది. మగవాళ్లను కుటుంబాల నుంచి విడదీసి గనుల్లో పెట్టిన ఏర్పాటే దానికి బాట వేసింది. ఇది మొదటే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ జబ్బు మాట వచ్చినప్పుడల్లా నడవడిక గురించే మాట్లాడతారు తప్ప వలస గురించి ఎవరూ మాట్లాడరు.

మొదటి అడ్డం ధర. 1996 తర్వాత మూడు మందుల చికిత్సకు ఏడాదికి 10,000 నుంచి 15,000 డాలర్ల దాకా అయ్యేది. అప్పటి లెక్కలో మూడున్నర లక్షల రూపాయలకు తక్కువ కాదు. మందు తయారీకి అంత ఖర్చవుతుందా అంటే, కాదు. పేటెంటు ఉన్న కంపెనీ తప్ప మరొకరు తయారు చేయకూడదు, అందుకే ఆ ధర. ఇక్కడే మన ప్రాంతానికి ఈ కథతో ఒక నిజమైన ముడి ఉంది. మన దేశంలో 1970 పేటెంట్ చట్టం ప్రకారం మందుకు పేటెంటు ఉండేది కాదు, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉండేది. అదే మందును వేరే పద్ధతిలో చేస్తే తప్పు కాదు. హెచ్ఐవికి వచ్చిన తొలి మందు ఏజెడ్‌టీని ఇక్కడ తయారుచేసే పద్ధతిని హైదరాబాద్‌లోని ఐఐసీటీ ప్రయోగశాల ఎ.వి. రామారావు గారి ఆధ్వర్యంలో రూపొందించి సిప్లా కంపెనీకి ఇచ్చింది. 2001 ఫిబ్రవరిలో అదే సిప్లా, మూడు మందుల చికిత్సను మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని 'సరిహద్దులు లేని వైద్యులు' అనే అంతర్జాతీయ సంస్థకు చెప్పింది. అంటే రోజుకు ఒక డాలరు కూడా కాదు. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న అరబిందో, హెటెరో, మాట్రిక్స్ లాంటి కంపెనీలు కూడా ఈ మందులు చేసి ఆఫ్రికా దేశాలకు పంపాయి. ధర ఇంకా పడిపోయింది.

దక్షిణాఫ్రికాలో మాత్రం చౌక మందుల కోసం 1997లో మండేలా ప్రభుత్వం తెచ్చిన చట్టం మీద దాదాపు 40 మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి. ప్రపంచమంతా ఛీ కొట్టాక 2001 ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకున్నాయి. ఇక మందు వస్తుందని జనం అనుకున్నారు. రాలేదు.

రెండో అడ్డం రాజధానిలో కూర్చుంది. మండేలా తర్వాత అధ్యక్షుడైన థాబో ఎంబెకీ, ఎయిడ్స్‌కు కారణం హెచ్ఐవి అన్నమాటనే అనుమానించారు. మందులు విషమన్నారు. ఆయన ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని ప్రచారం చేశారు. మూఢనమ్మకం అనగానే అందరూ మన కొండల వైపు వేలు చూపిస్తారు కదా, చదువుకున్న మంత్రులకు అది పడితే ఎంత నష్టమో ఇక్కడ చూడవచ్చు. 2000 నుంచి 2005 దాకా మందులు ఆపడం వల్ల 3,30,000 మందికి పైగా అన్యాయంగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు.

ఈ గోడను పగలగొట్టింది రోగులే. 1998 డిసెంబరు 10న ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే సంఘం పెట్టారు. దాన్ని నడిపిన జాకీ అక్మత్‌కు హెచ్ఐవి ఉంది. మందు కొనుక్కోగలిగి కూడా, ప్రభుత్వ ఆస్పత్రుల్లో పేదలకు అందేదాకా తానూ వేసుకోనని ఏళ్ల తరబడి పట్టుబట్టి కూర్చున్నారు. సంఘం వాళ్లు 'హెచ్ఐవి పాజిటివ్' అని పెద్ద అక్షరాలతో రాసిన చొక్కాలు వేసుకుని వీధుల్లోకి వచ్చారు. జబ్బు లేనివాళ్లూ వేసుకున్నారు, ఎవరికి ఉందో ఎవరికి లేదో తెలియకుండా. గర్భిణుల నుంచి బిడ్డలకు సోకకుండా నెవిరపిన్ మందు ఇవ్వాల్సిందేనని 2002 జూలై 5న రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో అందరికీ మందులు మొదలయ్యాయి.

ఇప్పుడు లూసికిసికికి వద్దాం. ధర తగ్గింది, ప్రభుత్వం దిగివచ్చింది. మరి మాత్ర కొండ మీది గుడిసె దాకా ఎవరు మోసుకుపోతారు?

ఆ ప్రాంతంలో దాదాపు 1,50,000 మంది జనం. ఒక ఆస్పత్రి, 12 క్లినిక్‌లు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే డాక్టర్లు. నర్సుల పోస్టులు చాలా ఖాళీ. అంతకు ముందు 2001లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ ఒక మాట అన్నారు. ఆఫ్రికావాళ్లకు గడియారం చూసి వేళకు మాత్ర వేసుకోవడం తెలియదు, కాబట్టి ఈ మందులు అక్కడ పనిచేయవు అన్నది దాని సారం. మన గూడేల గురించి ఇలాంటి మాటలు మనం వినలేదా? 'వాళ్లకు చెప్పినా అర్థం కాదు, ఇచ్చినా వాడరు' అని. దీనికి జవాబు 2006లో లెక్కల్లో దొరికింది. అనేక పరిశోధనలను కలిపి చూస్తే, మందు సరిగ్గా వేళకు వేసుకుంటున్నవాళ్లు ఉత్తర అమెరికాలో నూటికి 55 మంది, ఆఫ్రికాలో నూటికి 77 మంది.

2003లో 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ హెర్మన్ రాయిటర్ అనే డాక్టరుతో అక్కడ పని మొదలుపెట్టింది. ఆ ఏడాది చివర మండేలా స్వయంగా అక్కడికి వెళ్లి దానికి అండగా నిలబడ్డారు. వాళ్లు చేసిన పని చూడ్డానికి పెద్దదేమీ కాదు. చికిత్సను ఆస్పత్రి గేటు దాటించి ఊరి క్లినిక్‌కు తెచ్చారు. డాక్టరు చేసే పనిలో చాలా భాగం నర్సుకు నేర్పారు. మాత్రలు ఎలా వేసుకోవాలో, ఎందుకు మానకూడదో చెప్పే పని ఊళ్లోవాళ్లకే, చాలాచోట్ల హెచ్ఐవితో బతుకుతున్నవాళ్లకే ఇచ్చారు. వాళ్లకు ఇంగ్లీషు వైద్యం చదువు లేదు, కానీ ఆ భాష వచ్చు, ఆ భయం ఏమిటో తెలుసు. రోగులు గుంపులుగా కలుసుకుని ఒకరికొకరు చెప్పుకున్నారు. మూడేళ్లలో 2,000 మందికి పైగా మందు మొదలుపెట్టారు. ఏడాది గడిచాక చూస్తే, ఆస్పత్రిలో మందు మొదలుపెట్టినవాళ్లలో దాదాపు ఐదో వంతు మంది మళ్లీ రాలేదు, ఏమయ్యారో తెలియదు. ఊరి క్లినిక్‌లలో అలా జారిపోయినవాళ్లు నూటికి ఇద్దరే.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగమని మా మనవి. మందు అదే, జబ్బు అదే, జనం అదే. తేడా అల్లా ఎంత దూరం నడవాలి, అక్కడికి వెళితే ఎవరు పలకరిస్తారు అన్నదే. 'రోగి మధ్యలో మానేశాడు' అని రిజిస్టర్లో రాసే మాట ఎన్నిసార్లు అబద్ధమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే దూరం తగ్గించగానే అన్నీ తీరలేదు. జానీ స్టైన్‌బర్గ్ అనే రచయిత లూసికిసికి ప్రాంతంలో తిరిగి 2008లో ఒక పుస్తకం రాశారు. అందులో ప్రధాన పాత్ర ఒక యువకుడు, చిన్న దుకాణదారు. మందు ఉందని అతనికి తెలుసు. ఉచితమని తెలుసు. ఇచ్చే డాక్టరు మంచివాడని కూడా తెలుసు. అయినా పరీక్షకు పోడు. ఎందుకంటే, ఒక ఊళ్లో పరీక్షలు చేసిన రోజున బయట కూర్చున్న జనం ఒక్కో మనిషి లోపల ఎంతసేపు ఉన్నాడో లెక్కపెట్టారు. జబ్బు లేదని తేలినవాడు గబుక్కున వచ్చేస్తాడు. ఉందని తేలినవాడికి కౌన్సిలర్ ధైర్యం చెప్పాలి కాబట్టి ఆలస్యమవుతుంది. కాగితం ఎవరూ చూపించలేదు, ఎవరూ నోరు విప్పలేదు, అయినా ఎవరెవరికి ఉందో ఊరికి తెలిసిపోయింది.

రహస్యం కాపాడాలని చట్టాలన్నీ చెబుతాయి. ముప్పై ఇళ్ల గూడెంలో, అందరూ చుట్టాలైన చోట, రహస్యం అంటే ఏమిటో పట్నంలో కూర్చుని చట్టం రాసినవాళ్లకు తోచి ఉండదు. మన దగ్గర ఫలానా వారం ఫలానా బస్సు ఎక్కినవాళ్లు ఎక్కడికి పోతున్నారో సంతలో చెప్పేస్తారు. లూసికిసికిలో ఆడవాళ్లు గర్భిణిగా ఉన్నప్పుడు ఎలాగూ క్లినిక్‌కు పోతారు కాబట్టి పరీక్ష జరిగేది. మగవాళ్లు మాత్రం మంచాన పడేదాకా వచ్చేవాళ్లు కాదు. కొందరు అది ఎవరో చేయించిన చేతబడి అనుకున్నారు. వాళ్లను తిట్టడం తేలిక. నాటువైద్యుడు ఊళ్లోనే ఉంటాడు, కూర్చోబెట్టి కష్టం వింటాడు, రేపు రమ్మనడు. మేము నాటువైద్యం హెచ్ఐవిని తగ్గిస్తుందని అనడం లేదు, తగ్గించదు. జనం మొదట అతని దగ్గరికే ఎందుకు పోతారో మాత్రం ఆస్పత్రివాళ్లు ఆలోచించాలి.

మన సంగతి చూద్దాం. దక్షిణాఫ్రికాలో మందులు మొదలైన 2004 ఏప్రిల్‌లోనే, సరిగ్గా ఏప్రిల్ 1న, మన దేశంలోనూ ఉచిత చికిత్స మొదలైంది. హైదరాబాద్ మందును ప్రపంచం కొనుక్కుంటున్నప్పుడు ఇక్కడి పేదవాడికి అది దక్కాలంటే అప్పటిదాకా డబ్బు పెట్టాల్సిందే. మొదట్లో ఎక్కువ తాకిడి ఉన్న ఆరు రాష్ట్రాలతో పాటు ఢిల్లీలో కలిపి ఎనిమిది ఆస్పత్రుల్లోనే ఇచ్చారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనే మందు. అంటే మనిషి బాగా చిక్కి, క్షయ వచ్చి, నడవలేని స్థితికి దగ్గరైతేనే. అలాంటి మనిషిని ఏజెన్సీ నుంచి పెద్ద నగరానికి రమ్మన్నారు. తర్వాత ఆ గీత 350కి, 500కి మారింది. 2017లో ఆ గీత తీసేసి, హెచ్ఐవి ఉందని తేలిన ప్రతి మనిషికీ వెంటనే మందు ఇవ్వాలన్నారు. జిల్లా కేంద్రాలకూ, కొన్ని చిన్న ఆస్పత్రులకూ మందుల కేంద్రాలు వచ్చాయి.

మన ఏజెన్సీకి మాత్రమే ఉన్న చిక్కులు మరికొన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇచ్చిన మందుల్లో ఏజెడ్‌టీ ఒకటి. అది రక్తహీనత తెస్తుంది. రక్తం ముందే తక్కువగా ఉన్న మన ఆడవాళ్లకు, సికిల్‌సెల్ ఉన్న కుటుంబాలకు ఆ మందు ఇచ్చేటప్పుడు రక్తపరీక్ష చేసి చూడాలి. ఆ పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? కౌన్సిలర్ చెప్పేది తెలుగులో. వినే అవ్వకు వచ్చింది కోయ, లేదా గోండి, లేదా కువి. 'జీవితాంతం వేసుకోవాలి' అన్న ఒక్క మాట సరిగ్గా చేరకపోతే, ఒళ్లు బాగుపడగానే మాత్రలు మానేస్తారు. మూడు మందులూ వైరస్‌ను మూడు వైపుల నుంచి కట్టేసి ఉంచుతాయి. మాటిమాటికీ మానేస్తుంటే అది కట్లు తెంచుకుని ఆ మందుకు లొంగని రూపం తీసుకుంటుంది. అప్పుడు వేరే మందులు కావాలి, వాటికి మళ్లీ పెద్ద ఆస్పత్రికే పోవాలి.

ఇది పట్నాల జబ్బు, లారీల జబ్బు, మనకు రాదు అనే మాట మన యువకుల నోట వింటుంటాం. 2021 ప్రభుత్వ అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవి నూటికి 0.21 ఉంటే, మిజోరంలో 2.70, నాగాలాండ్‌లో 1.36. రెండూ గిరిజన రాష్ట్రాలే. ఆంధ్రప్రదేశ్‌లో 0.67.

ఉపాధ్యాయులకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దక్షిణాఫ్రికాలో ఎన్‌కోసి జాన్సన్ అనే పిల్లవాడు పుట్టుకతోనే హెచ్ఐవితో పుట్టాడు. 1997లో బడిలో చేర్చుకోవడానికి అభ్యంతరాలు వచ్చాయి. గొడవ దేశమంతా పాకి, చివరకు బడి గేటు తెరుచుకుంది. 11 ఏళ్ల వయసులో 2000 జూలైలో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సభలో నిలబడి, గర్భిణులకు మందు ఇవ్వమని అడిగాడు. మరుసటి ఏడాది జూన్ 1న చనిపోయాడు. మన దేశంలో 2017లో చేసిన హెచ్ఐవి చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. జబ్బు ఉందని బిడ్డకు బడిలో, హాస్టల్లో చోటు లేదనడం దాని ప్రకారం నేరుగా నిషిద్ధం. తల్లిదండ్రులను చెప్పి తీరమని బలవంతం చేయడమూ కుదరదు. చట్టం అక్కడిదాకే వస్తుంది. ఆశ్రమ పాఠశాలలో వంద మంది పిల్లలు ఒకే హాల్లో పడుకునేచోట, ఒక పిల్ల రోజూ ఒకే వేళకు మాత్ర ఎక్కడ పెట్టుకుని ఎలా వేసుకోవాలి? ఎవరూ అడగకుండా ఉండాలంటే మాత్ర ఎవరి బీరువాలో ఉండాలి? ఇది వార్డెను, ఏఎన్ఎం, ఒక ఉపాధ్యాయురాలు కూర్చుని మాట్లాడుకుంటే తేలే పని. ఏ జీవో దీన్ని తేల్చదు.

లూసికిసికి కథ అక్కడితో సుఖాంతమైందని అనుకోకండి. 2006లో 'సరిహద్దులు లేని వైద్యులు' పనిని ప్రభుత్వానికి అప్పగించి వెళ్లారు. నర్సులే మందు మొదలుపెట్టవచ్చన్న వాళ్ల పద్ధతి 2010లో దేశమంతటికీ విధానమైంది. అదే సమయంలో అక్కడి క్లినిక్‌ల పరిస్థితి దిగజారుతూ వచ్చింది. 2012 చివర్లో ఆ ప్రాంతానికి మందులు పంపే ఉమ్తాతా గిడ్డంగి కుప్పకూలితే, వేల మంది మాత్రలు లేక వెనుదిరిగారు. చివరికి రోగుల సంఘం వాళ్లూ, 'సరిహద్దులు లేని వైద్యులూ' వెళ్లి పెట్టెలు సర్ది పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత లూసికిసికి పట్నంలోనే, అందరికంటే ఎక్కువ మంది వచ్చే క్లినిక్‌ను డేరాల్లో నడిపారు. మళ్లీ సంఘమే కోర్టుకెక్కితే గాని గోడలున్న గదులు రాలేదు.

మన దగ్గర నెలనెలా కేంద్రానికి రావాల్సిందే అన్న నియమం ఏళ్లపాటు నడిచింది. ఎక్కువ రోజుల మాత్రలు ఒకేసారి ఇవ్వడం కుదరదన్నారు. 2020లో కరోనాకు బస్సులు ఆగిపోయినప్పుడు కొన్ని వారాల్లోనే రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఎక్కువ మందికి ఇచ్చారు. అదే రోజుల్లో రోజుకు ఒక్క మాత్రతో సరిపోయే కొత్త మందూ వచ్చింది. శ్రావణంలో వాగు పొంగి దారి తెగిపోయే గూడేల్లో మూడు నెలల మాత్రలంటే ఒక వానాకాలం గడిచినట్టే. ఆ ఏర్పాటు తమ మందుల కేంద్రంలో ఇప్పుడు ఎలా ఉందో, మాత్రలు ఎన్ని నెలలకు ఇస్తున్నారో ఏజెన్సీలోని ఉపాధ్యాయులు, యువకులు వెళ్లి అడగవచ్చు. అడగడానికి రోగి కానవసరం లేదు, ఆ చొక్కాలు వేసుకున్న వాళ్లందరికీ జబ్బు లేదు కదా.